నీళ్ళలోకి ఇద్దరిద్దరుగా

అడుగు కనపడే చోటు కావాలన్నాను. కౌంటర్లో అమ్మాయి తలెత్తి చూసి నవ్వింది. వచ్చినవాళ్ళంతా చేపలు ఎక్కడ బాగా కనపడతాయని అడుగుతారు మేడమ్, అడుగు కావాలన్నది మీరొక్కరే అంది, అంటూనే గోడమీది పటం దగ్గరికి వెళ్ళి పెన్సిల్‌తో చూపించడం మొదలుపెట్టింది. పొద్దున వాన్ ఇక్కణ్ణించి బయల్దేరుతుంది, కొండ మీద ఇక్కడ రాఫ్ట్ ఎక్కుతాం, గాలి నింపిన రబ్బరు పడవ, ఇదిగో రాళ్ళ మధ్య ఈ ఇరుకు దాటాక నది నెమ్మదిస్తుంది, మధ్యాహ్నానికి నది సముద్రంలో కలిసే చోట దిగుతాం, భోజనం అక్కడే చెట్లకింద, ఎండ కాస్త వాలాక ఈ మలుపులో స్నార్కెలింగ్, ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం, బోర్లా తేలుతూ కిందికి చూడ్డమే, ఈత రాకపోయినా ఫర్వాలేదు. ఆ పెన్సిలు మొన ఇరుకు మీదుగా గీత కూడా పడకుండా జారిపోయింది. నేను తల ఊపుతున్నాను, సరదాగా ఊపాలి కాబట్టి సరదాగానే ఊపుతున్నాను, నెత్తిమీద కొత్త టోపీ ఉంది, పువ్వుల పువ్వుల టోపీ, నిన్న కొనుక్కుని అద్దంలో చూసుకుంటే నా తలకాయ ఎవరో అరువు తీసుకున్నట్టుంది. విహారానికి వచ్చిన మనిషిలా కనపడాలి మరి. తమ్ముడు పనిచేసిన కంపెనీకి వెళ్తే గుర్తుపడతారు, కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఎవరో ఒకరు వాన్‌లో ఇంటిదాకా దింపి వస్తారు, పడవ మాత్రం ఎక్కనివ్వరు. అందుకే వీధికి ఈ కొసన ఉన్న వేరే ఆఫీసు, వేరే మొహాలు. ఆ ఇరుకులోకి నడిచి వెళ్ళనివ్వడంలేదు, తాడు కట్టి బోర్డు పెట్టారు, చూడాలంటే ఇలా ఆటకి వచ్చినవాళ్ళతో కలిసి కేరింతలు కొడుతూ వెళ్ళాల్సిందే.

కాసేపు కూర్చోండి మేడమ్, పైనుంచి ఫోన్ రావాలి, నీటిమట్టం చెప్తారు, గుర్తు దాటకపోతే ఆదివారం ఖాయం చేస్తాను, దాటితే మాత్రం ఇంక ఈ ఏడాదికి ఇంతే, వానలు తగ్గేదాకా నది మూసేస్తారు అంది. కూర్చున్నాను. ప్లాస్టిక్ కుర్చీ, చెమటకి తొడలు అంటుకుపోతున్నాయి, పైన ఫ్యాను తిరుగుతున్నందుకు తిరుగుతోంది అంతే, గాలి మాత్రం గోడమీది క్యాలెండర్‌కే వెళ్తోంది. కిటికీలోంచి ఆకాశం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. మబ్బు ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఇక్కడ మబ్బు లేని రోజు ఎప్పుడుంది, అది కురవాలనేం లేదు, కురిసినా ఇక్కడ కురిస్తే నష్టం లేదు, కొండమీద కురవకూడదు. కురవకు. ఒక్క ఆదివారం ఆగు, తర్వాత నీ ఇష్టం, ఊరంతా ముంచుకో. పక్క కుర్చీల్లో కొత్తగా పెళ్ళైన జంట, ఫోను తడవకుండా మెళ్ళో వేసుకునే సంచీ దొరుకుతుందా అని అతను, రాఫ్ట్ బోల్తా పడుతుందా అని ఆమె. పడితే బాగుండునన్నట్టు అడుగుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి. కౌంటర్లో అమ్మాయి ధైర్యం చెప్తోంది, మా గైడ్లు ఉంటారు కదండీ, ఎవరైనా జారినా చిటికెలో లాగేస్తారు అని. చిటికెలోనే లాగాడు మా తమ్ముడు కూడా, ఆ ఇరుకులో. అందరూ అదే అన్నారు, జారిపడ్డావిణ్ణి చిటికెలో లాగేశాడమ్మా, రాఫ్ట్ మీదికి తోసేశాడు, ఆవిడ పైకొచ్చి దగ్గుతోంది, మేమంతా ఆవిణ్ణే చూస్తున్నాం, తిరిగి చూస్తే లేడు.

తిరిగి చూస్తే లేడు. ఇంతమంది ఉండి ఆ ఒక్క చిటికె ఒక్కరూ అటు చూడలేదు. వాడికి ఆర్నెల్ల వయసప్పుడు అమ్మ పోతే, బడి మానేసి చంకనేసుకుని తిరిగింది నేను, అప్పటికి నా నడుమే సరిగా నిలవని వయసు, ఒక పక్కకి ఒరిగిపోయి నడిచేదాన్ని, ఇప్పటికీ నా ఎడమ భుజం కిందికి ఉంటుంది. వాడు నడక వచ్చినప్పటినుంచీ నీళ్ళవైపే. బక్కెట్టు, గుంట, కాలవ, తర్వాత నది. ఎవరి పోలికరా నీకు అంటే చేప పోలిక అక్కా అనేవాడు. నేను చీలమండ దాటి నీళ్ళలోకి దిగి ఎరగను. నాదంతా పొడి పని, పళ్ళ ల్యాబ్‌లో, డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, ప్లాస్టర్ పోసి దవడ తీసి దానిమీద కట్టుడు పన్ను చెయ్యాలి, గోళ్ళలో, కనురెప్పల మీద, ఎప్పుడూ తెల్లటి పిండి. గైడు పనిలో చేరిన కొత్తలో తెడ్డు తగిలి వాడి ముందు పన్ను విరిగింది. నోటినిండా రక్తంతో నవ్వుకుంటూ ల్యాబ్ గుమ్మంలో నిలబడి, అక్కా, నీకు పని తెచ్చాను అన్నాడు. తళతళ మెరిసేలా చెయ్యమన్నాడు, సినిమా హీరోలా. నేను చెయ్యలేదు. పక్క పన్ను రంగే కలిపాను, దాని అంచున చిన్న పసుపు నీడ ఉంటే ఇక్కడా ఆ నీడ వేశాను, సన్నటి గీత ఉంటే గీత గీశాను, పింగాణీని పన్నులాగే ముసలిదాన్ని చేశాను. లక్ష పళ్ళలో కలిపి పోసినా ఆ పన్ను తీసి చూపిస్తాను. అదే చెప్పాను పోలీసులకి. అచ్చు కూడా తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను, వాడి దవడలు, తెల్లగా, కొంచెం తెరుచుకుని. ఇన్‌స్పెక్టర్ దాన్ని ముట్టుకోలేదు. ఉంచుకోండమ్మా, అవసరమైతే అడుగుతాం అన్నాడు. అవసరం పడనే లేదు. గజ ఈతగాళ్ళు వచ్చారు, కుక్కలు వచ్చాయి, కెమెరా కట్టిన కర్రలు రాళ్ళ సందుల్లోకి దూర్చారు, తర్వాత ఒక్కొక్కరే తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయారు. రాళ్ళకింద ఇరుక్కుని ఉండొచ్చు, లేదా సముద్రంలోకి పోయి ఉండొచ్చు అన్నారు. ఉండొచ్చు, పోయి ఉండొచ్చు. ఆ రెండు మాటల మధ్య నన్ను వదిలేసి ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు.

అందుకే ఈ రెండూ కలిసిన ప్యాకేజీ. పొద్దున రాళ్ళు, మధ్యాహ్నం సముద్రం. నదిలో కొట్టుకొచ్చినవన్నీ పాటుకి సముద్రంలోకి పోయి, పోటుకి ఆ మలుపులోకే తిరిగి వస్తాయని వాడే చెప్పాడు ఒకసారి, చెప్పులు, సీసాలు, ఓసారి ఎవరిదో కుర్చీ. ఏదో ఒకటి. వాడే అక్కర్లేదు, వాడు దొరకడని నాకు తెలీకపోలేదు, ఏదో ఒకటి, నారింజ రంగు లైఫ్ జాకెట్టు ముక్క, చెప్పు, పన్ను. పన్ను కరగదు. ఒళ్ళంతా కరిగిపోయినా నేను చేసింది కరగదు. ఇసకలో గవ్వల మధ్య ఉంటుంది, ఎవరూ గుర్తుపట్టరు, నేను పడతాను. మా ఆయనకి ఇది చెప్తే, మొన్నటిదాకా వింటూ ఊరుకున్న మనిషి, అన్నం ముందునుంచి లేచి, ఇంక చాలు, నువ్వు కూడా పోతావు ఇలాగే అన్నాడు. చాలు ఎట్లా అవుతుంది, మొదలే పెట్టలేదు కదా. అందుకే ఇవాళ ల్యాబ్‌కి సామాను తేవాలని చెప్పి వచ్చాను. టోపీ చేతిసంచీలో కుక్కుకుని వచ్చాను, కుక్కినందుకు ఒక పక్క సొట్టపోయింది.

టోపీ అంటే గుర్తొచ్చింది, గుర్తు రాకపోతే బాగుండేది, మా మరదలు. తమ్ముడి పెళ్ళాం. ఆదివారాలు ఆవిడగారు టోపీ పెట్టుకుని టూరిస్టు వాన్‌లో పోతూ కనపడుతోందిట, మా ఆయనే చూశాడు, చెప్పాలా వద్దా అని నాన్చి నాన్చి చెప్పాడు. మనిషి పోయిన ఏడాది కూడా తిరక్కుండా విహారాలు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. గాలింపు ఆపేసిన వారానికే వాడి అలమర ఖాళీ చేసింది, చొక్కాలన్నీ మడతపెట్టి గైడ్లకి పంచేసింది. నేను వెళ్ళేసరికి అర ఖాళీ, కింద పరిచిన కాగితం కూడా కొత్తది. మర్నాటినుంచే బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే పనికి వెళ్ళిపోయింది. చనిపోయినట్టే అనుకోమని పోలీసులు కాగితం తెస్తే, నాతో ఒక్క మాట అనకుండా సంతకం పెట్టేసింది. ఎలా పెట్టావు అని అడిగాను. ఆయన ఇంక రారు వదినా, అంది. ఏడవకుండా అంది, నా మొహంలోకి చూస్తూ. రారని నీకెవరు చెప్పారు, నువ్వేమన్నా నీళ్ళలోకి దిగి చూసొచ్చావా అన్నాను. దానికీ ఏడవలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను, అంతే, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు, ఆవిడా ఎక్కమనలేదు. రాయి. నది అడుగున ఉండాల్సిన రాయి ఇంట్లో ఉంది అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను, పింగాణీ రుద్దుతున్నంతసేపూ, పడుకున్నంతసేపూ, కోపం చాలా సాయం చేస్తుంది, దాన్ని పట్టుకుని మెట్లు ఎక్కొచ్చు, వంట చెయ్యొచ్చు.

జంట వెళ్ళిపోయింది, సంచీలు కొనుక్కుని. ఫోన్ మోగలేదు. కౌంటర్లో అమ్మాయి ఊరికే ఉండలేక కావచ్చు, జాకెట్ల కొలతలు చూద్దాం రండి మేడమ్ అని ఒకటి తీసి నా భుజాలమీద వేసింది. నారింజ రంగు. రబ్బరు వాసన, ఎండిన ఉప్పు వాసన, వాడు ఇంటికొచ్చి నన్ను వాటేసుకున్నప్పటి వాసన. కళ్ళు గట్టిగా మూసి తెరిచాను. బిగువుగా ఉందా అంది. బాగుంది అన్నాను. తర్వాత అడిగాను, ఎంత మామూలుగా అడగాలో అంత మామూలుగా, సముద్రంలో ఇది తీసెయ్యొచ్చా అని. ఎందుకండీ అంది. ఇది ఉంటే పైనే తేలుతాను కదా, అడుగుకి వెళ్ళాలంటే ఎలా అన్నాను. ఈత వచ్చా మీకు అంది. రాదన్నాను. ఆ పిల్ల చెయ్యి జాకెట్టు బకిలు మీద అలాగే ఆగిపోయింది. నన్ను చూసింది, సొట్టపోయిన టోపీని చూసింది, గోళ్ళలో తెల్లటి పిండిని చూసింది. మెల్లగా అడిగింది, ఇంట్లో తెలుసా మేడమ్ మీరు వస్తున్నట్టు, అని. నాకు అర్థమైంది తను ఏం అనుకుంటోందో. కాదు, చావడానికి కాదమ్మా అని చెప్పాలి, చెప్పాలంటే మొత్తం చెప్పాలి, మొత్తం చెప్తే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. తెలుసు అన్నాను. టోపీ సర్దుకున్నాను.

జాకెట్ తియ్యనివ్వం మేడమ్, ఒంటరిగా కూడా వదలం, నీళ్ళలోకి ఇద్దరిద్దరుగానే పంపిస్తాం, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని ఉండాలి, అంది, ఇందాకటి కన్నా గట్టిగా. నాతో ఎవరూ రారే అన్నాను. రాకపోయినా ఫర్వాలేదు, మిమ్మల్ని ఇంకొకావిడతో జత చేస్తాను, ఆవిడా ఒక్కరే వస్తారు, నది తెరిచినప్పటినుంచీ ప్రతి ఆదివారం వస్తున్నారు, మా గైడ్లందరికీ తెలుసు, అంది. ప్రతి ఆదివారమా, అంత సరదానా ఆవిడకి అన్నాను, అనాలి కాబట్టి. సరదా ఎక్కడిది మేడమ్, నీళ్ళంటే చచ్చేంత భయం, రాఫ్ట్ ఎక్కేముందే చేతులు వణుకుతుంటాయి, ఒకసారి వాంతి కూడా చేసుకున్నారు, ఎందుకండీ ఇంత కష్టపడి రావడం అంటే మాట్లాడరు, ఎప్పుడూ వెనక సీటే కావాలంటారు, గైడు పక్కన. మాస్కు కూడా మాది వాడరు, ఆవిడ చూపు మరీ తక్కువండీ, ఎక్కడో పవర్ అద్దాలు బిగించి చేయించుకున్నారు. సముద్రంలోకి దిగితే మాత్రం ఇంక బయటికి రారు, అందరూ చేపల వెనక పోతుంటే ఆవిడ ఒక్కచోటే ఇసకవైపు చూస్తూ ఉంటారు.

చూపు తక్కువ. కళ్ళద్దాలు తీస్తే తన చెయ్యి తనకి కనపడని చూపు. పెళ్ళిచూపుల్లో కళ్ళద్దాలు తీసి కూర్చోమన్నారని తీసి కూర్చుని, తమ్ముడనుకుని మా ఆయనకి సిగ్గుపడుతూ మంచినీళ్ళ గ్లాసు అందించిన పిల్ల. నవ్వలేక చచ్చాం. ఆ రోజునుంచే వాడికి ముద్దు ముంచుకొచ్చింది, భూతద్దం అని పిలిచేవాడు, ఆ పిలుపుకి పలికేది. వెనక సీటు, గైడు పక్కన. వాడి సీటు వెనక ఎడమపక్క ఉండేది, అక్కణ్ణించే దూకాడు. కురుస్తున్న వానలో గొడుగు వేసుకుని కూడా చెరువుగట్టు మీద నడవడానికి భయపడేది, పెళ్ళైన కొత్తలో వాడు ఎంత బతిమాలినా రాఫ్ట్ ముట్టుకోలేదు. నీళ్ళలోకి దిగి చూసొచ్చావా అన్నాను కదూ నేను. అన్నాను. చొక్కాలు గైడ్లకి ఎందుకు ఇచ్చిందో ఇప్పుడు ఎవరు చెప్తారు, అవి వేసుకుని వాళ్ళు ఆ నదిలో తిరుగుతారనేమో, వాడి చొక్కా అయినా అటు వెళ్తుందనేమో, ఏమో, నేను అడిగితే కదా. కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళి, నీళ్ళలో కనపడే అద్దాలు కావాలని అడిగి ఉంటుంది. నాకు ఇన్నాళ్ళకి తట్టిన ఆలోచన తనకి మొదటి ఆదివారమే తట్టింది. నేను దవడల అచ్చు పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంటే, ఆ పిల్ల వాంతులు చేసుకుంటూ వెతికింది. ఇంతకాలం నేను పట్టుకుని నడిచిన కోపం ఏమైందో తెలీదు, కింద ఏమీ లేనట్టుంది, కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు మోగింది ఫోన్. అమ్మాయి ఊఁ, ఊఁ అంటూ వింటోంది, నేను తన మొహమే చూస్తున్నాను, తను నా మొహం చూడకుండా పటంవైపు తిరిగింది. పెట్టేసింది. కొండమీద తెల్లవారుజామునుంచి పడుతోందిట మేడమ్, గుర్తు దాటిపోయింది, ఇంక పెరగడమే, అంది. ఆదివారానికి తగ్గొచ్చు కదా అన్నాను. తగ్గదు మేడమ్. ఒక్క మనిషినైనా పంపించండి, రాఫ్ట్ నిండా జనం అక్కర్లేదు, నన్నొక్కదాన్నే, ఏదన్నా అయితే నాదే పూచీ అని రాసిస్తాను అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. గోడమీది పటం అంచు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను, చిరిగింది కొంచెం. ఆ పిల్ల వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. నా భుజాలమీది జాకెట్టు తీసింది. మీవాళ్ళెవరికైనా ఫోన్ చెయ్యనా అంది. వద్దన్నాను. ఆదివారం వచ్చేవాళ్ళందరికీ చెప్పాలి కదా నువ్వు, ఆ వెనక సీటు ఆవిడకి మాత్రం నేను చెప్తాను అన్నాను. మీకు తెలుసా ఆవిడ అంది. మా మరదలు అన్నాను.

బయటికొచ్చేసరికి ఇక్కడ కూడా మొదలైంది. పెద్ద చినుకులు, వేడి రోడ్డుమీద పడి పొగ లేస్తోంది. గొడుగు లేదు. టోపీ తడిసి చెవులమీదికి వాలిపోయింది. ఇదే నీళ్ళు కాలవలోకి, కాలవ నదిలోకి, ఇప్పుడు ఆ ఇరుకులో ఎంత ఉరవడి ఉంటుందో, గవ్వల మధ్య ఉన్నది కూడా ఎక్కడికో కొట్టుకుపోతుంది, ఇవాళే పోతుంది, నేను రోడ్డుమీద నడుస్తుండగానే పోతుంది. పరిగెత్తాను. ఈ వయసులో నడిరోడ్డుమీద పరిగెత్తితే జనం చూస్తారు, చూడనీ. సైకిళ్ళు బాగుచేసే షాపు, దాని పక్కన మరదలింటి మెట్లు, రెయిలింగ్ తుప్పు చేతికి అంటుకుంది. తలుపు తీసే ఉంది. లోపల స్నానాలగది గుమ్మంలో ముక్కాలిపీట, దాని ముందు బట్టలు నానబెట్టే నీలం టబ్బు, నిండా నీళ్ళు. మా మరదలు మోకాళ్ళమీద కూర్చుని ఉంది, తలంతా తడి, కళ్ళచుట్టూ మాస్కు ఒత్తుకున్న ఎర్రటి గుర్తు. నావైపు కళ్ళు చిట్లించింది.

"ఎవరండీ?" అంది.

"నేనే."

గొంతు గుర్తుపట్టింది. లేవలేదు. తడి చేతులు చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఆదివారం పడవ లేదుట, కొండమీద వాన పడిందిట, ఆఫీసులో అమ్మాయి చెప్పమంది అన్నాను, ఒక్క ఊపిరిలో. మీరెందుకు వెళ్ళారు అక్కడికి అని తను అడగలేదు. గోడకి చేరగిలబడింది.

"కళ్ళు మూసుకుంటున్నాను వదినా," అంది. "ఆ ఇరుకు దగ్గర. ప్రతిసారీ ఈసారి చూడాలనే వెళ్తాను, అక్కడికి రాగానే వాటంతటవే మూసుకుపోతాయి. అన్నిసార్లు వెళ్ళి ఒక్కసారీ చూడలేదు. ఈ ఆదివారం తెరిచి ఉంచాలని ఇక్కడ అలవాటు చేసుకుంటున్నాను."

అప్పుడు ఏడ్చింది. నేను ఆ గచ్చుమీదే కూర్చున్నాను, తడిబట్టలతో, తన పక్కన. క్షమించు అనే మాట నోట్లోకి వచ్చింది, అది చాలా చిన్నదిగా అనిపించి ఊరుకున్నాను. మళ్ళీ తెరుస్తారు నదిని, అప్పుడు ఇద్దరం వెళ్దాం, ఇరుకు దగ్గర నేను చూస్తాను, సముద్రంలో నువ్వు చూద్దువుగాని అన్నాను. అప్పటికి ఏమీ మిగలదు వదినా అంది. తెలుసు అన్నాను. ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్దామన్నాను. కాసేపటికి తను టబ్బు అంచుమీద ఉన్న మాస్కు తీసి పట్టీ నా తలకి సరిపడేలా వదులు చేసింది, తడి టోపీ తీసి పక్కన పెట్టింది, జుట్టు వెనక్కి తోసి, గొట్టం నా నోట్లో పెట్టింది, పళ్ళతో కరిచి పట్టుకోమంది.

"నోటితో పీల్చండి. ముక్కు సంగతి మర్చిపోండి. భయమేస్తే నా చెయ్యి గిల్లండి, లేపేస్తాను."

మొహం నీళ్ళలో పెట్టాను. తన అద్దాలు, నా కళ్ళకి ఏదీ నిలవలేదు, అంతా నీలంగా వంకర్లు పోయింది. చెవుల్లోకి నీళ్ళు చేరాయి, వాన చప్పుడు ఎటో పోయింది, గొట్టంలో నా ఊపిరే పెద్దగా వినిపిస్తోంది. భయమేసింది, చాలా భయమేసింది, తన చెయ్యి వెతికి పట్టుకున్నాను. గిల్లలేదు. కళ్ళు తెరిచే ఉంచాను.